కీల్పాక్ దగ్గర సమాధి రాయి చెక్కించుకున్నాం: ఐదుకు నాలుగు

చెన్నైలో దోసెల గురించి రాసేవారికి కొదవ లేదు. సమాధి రాయి ఎక్కడ చెక్కించుకోవాలి, అందులోనూ తెలుగు అక్షరాలను సరిగా చెక్కేదెవరు అని వెతికితే మాత్రం కొన్ని ఫోన్ నంబర్లు తప్ప నాకేమీ దొరకలేదు. మా నాన్న రాయి పని అయిపోయింది కాబట్టి, నా తర్వాత వెతికేవారి కోసం ఇది రాస్తున్నాను.

కొట్టు కీల్పాక్ శ్మశానానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. బోర్డు లేదు. గోడకు ఆనించి నిలబెట్టిన నమూనా రాళ్లే బోర్డు. లోపల మురుగన్ పటం, దాని కింద ఎవరో బయానా ఇచ్చి మళ్లీ రాని పాలరాతి సిలువ. యజమాని అరవై దాటిన మనిషి, తరాలుగా రాతిపని చేస్తున్న కుటుంబం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదువూ రాతా తమిళంలోనే. తమిళనాడులో రాతిపని చేసే కుటుంబాల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. మనం చెప్పిందంతా ఆయనకు అర్థమవుతుంది, మనం రాసిచ్చిన దాంట్లో ఒక్క అక్షరమూ అర్థం కాదు. తెలుగు రాయించుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ముందు రాయి. మాది ఒంగోలు కాబట్టి మా అన్నయ్య చీమకుర్తి రాయే కావాలని పట్టుబట్టాడు. బ్లాక్ గెలాక్సీ అని ప్రపంచమంతా పోతున్నది అదే. నల్లటి రాతిలో బంగారు పొడి చల్లినట్లు మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి. వంటింటి గట్టుకు అద్భుతంగా ఉంటుంది. సమాధికి వద్దని ఆ పెద్దాయనే చెప్పాడు. చిన్న అక్షరాలు చెక్కితే ఆ చుక్కల మధ్య కలిసిపోయి, ఎండలో నిలబడి చదివేవారికి ఏది సున్నానో ఏది మెరుపో తెలియదట. ఖరీదైన రాయి అమ్ముకునే అవకాశాన్ని వదులుకుని మరీ చెప్పాడు. విల్లుపురం వైపు కున్నంలో దొరికే చుక్కలు లేని నల్లరాయి చూపించాడు. అదే తీసుకున్నాం. సొంత ఊరి రాయి కాలేదని అన్నయ్యకు ఇప్పటికీ కొరతే.

చెక్కడం రెండు రకాలు. ఒకటి ఉలితో. రెండోది, రాతి మీద రబ్బరు పొర అంటించి, కంప్యూటర్‌తో అక్షరాల ఆకారాలు కోసి తీసేసి, ఆ ఖాళీల్లోకి కంప్రెసర్‌తో ఇసుక ఊదడం. ఇసుక పద్ధతి చవక, లోతు కూడా అంతటా ఒకేలా వస్తుంది. ఉలితో చెక్కిన అక్షరం అడుగున కోసుగా ఉంటుంది, వెలుగు పడినప్పుడు నీడ నిలుస్తుంది. రంగు పోయినా చదవవచ్చు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో రంగు పోవడం ఖాయం కాబట్టి ఉలికే నా ఓటు. ఆయనకు ఇద్దరు పనివాళ్లున్నా తెలుగు రాయి మాత్రం తనే కూర్చుని చెక్కాడు.

ధర అక్షరాలను బట్టి. తమిళం, ఇంగ్లీషు అక్షరానికి 30 రూపాయలు, తెలుగుకు 40. వంకరలు ఎక్కువట, అది నిజమే. ఒత్తు ఉంటే దాన్ని వేరే అక్షరంగా లెక్కగడతాడు. నేను నౌకా రవాణా కంపెనీలో జమాఖర్చులు చూసే మనిషిని. బిల్లు వరస వరసా చదవనిదే నాకు నిద్ర పట్టదు. ‘కృప’ అన్న మాటలో క కింది గుర్తుకు విడిగా డబ్బు వేశాడని పట్టుకుని, అది ఒత్తు కాదని వాదించి గెలిచాను. ఆ మాట చివరకు రాయి మీదికి రానే లేదు.

మా అత్తయ్య, అంటే నాన్న అక్క, ఇంకో దారిలో బేరం చేసింది. “దేవుని వాక్యమే కదా చెక్కేది, తగ్గించు నాయనా” అంది. ఆయన రాయి మీద నీళ్లు పోస్తూ, “రాయికి ఆ సంగతి తెలియదమ్మా” అన్నాడు. నేను ఆయన పక్షమే. పనిచేసేవాడి జీతం దానం కాదు, అది తీర్చవలసిన ఋణం అని బైబిల్లో పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలో స్పష్టంగా ఉంది. ఉచితం అన్న మాట ఎక్కడ వాడాలో పౌలుకు తెలుసు. రాతి కొట్టులో వాడలేదు.

ఆర్డరు పుస్తకంలో మొదటి ప్రశ్న, ఏ భాషలో అని. నాన్న పెరంబూరులో రైల్వే ఉద్యోగం చేశాడు. స్నేహితులంతా తమిళులు, మనవలు ఇంగ్లీషు తప్ప చదవరు, అమ్మకు తెలుగు తప్ప రాదు. పేరూ తేదీలూ మూడు భాషల్లో వేయించాం. పనివాళ్లలో ఒక కుర్రవాడు క్రైస్తవుడు. “యేసు సిలువ మీద కూడా మూడు భాషల్లోనే రాశారు కదక్కా” అన్నాడు. హెబ్రీ, గ్రీకు, రోమా భాషల్లో అని యోహాను సువార్తలో ఉంది. అయితే రోమా గవర్నరు పిలాతు అక్కడ పెట్టించింది మరణశిక్షకు కారణం, నేరం పేరు. “యూదుల రాజునని వాడు చెప్పుకొన్నట్టు మార్చి రాయండి” అని యాజకులు అడిగితే పిలాతు ఒప్పుకోలేదు. “నేను వ్రాసినదేమో వ్రాసితిని” అన్నాడు. తలకు పైన నేరారోపణ, దాని కింద వేలాడుతున్న మనిషి నోట వీరిని క్షమించమన్న ప్రార్థన. మన సమాధి రాళ్లు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అక్కడ పడుకున్న వాళ్లందరూ ఆదర్శ భర్తలు, ప్రేమగల తండ్రులు. నమూనా రాళ్లన్నీ చదివాను. చెడ్డవాడన్నవాడు కీల్పాక్‌లో ఒక్కడూ లేడు.

మా ఇంట్లో అసలు తగాదా ఇక్కడే మొదలైంది.

‘ప్రేమగల భర్త, విశ్వాసి, ప్రభువునందు నిద్రించెను’ అని రాయించమంది అత్తయ్య. మా అమ్మ లూకా సువార్త 23వ అధ్యాయం తెరిచి, పక్క సిలువ మీది దొంగతో యేసు చెప్పిన మాట మీద వేలు పెట్టింది: “నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు.” పరదైసు అంటే స్వర్గం. అత్తయ్య మండిపడింది. “దొంగకు చెప్పిన మాట మా తమ్ముడి రాయి మీద రాయిస్తావా? దారిన పోయేవాళ్లు ఏమనుకుంటారు?” చెన్నై శ్మశానంలో దారిన పోతూ తెలుగు చదివేవాళ్లు ఎందరుంటారో అత్తయ్యకే తెలియాలి.

అయినా ఆమె కోపంలో అర్థం లేకపోలేదు. నాన్న సంగతి తెలిసినవాళ్లకు ఆ వాక్యం మరీ సూటిగా తగులుతుంది. ఒక చీటీల వ్యాపారికి ఆయన హామీ ఉన్నాడు. అమ్మ చేత ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఆమె పుట్టింటివారు ఇచ్చిన ఎకరం పొలం అందులో పెట్టాడు. వ్యాపారం మునిగాక ముఖం చెల్లక ఇల్లు విడిచి వెళ్లాడు. అన్నయ్య చదువు మానేసి పనిలో చేరాడు. ఎన్నో ఏళ్లకు, కిడ్నీలు చెడిపోయాక, అత్తయ్యే ఆయన్ను తెచ్చి మా గుమ్మంలో దింపింది. అమ్మ పక్క వేసింది. ఆయన పోయేవరకు సేవ చేసింది. తప్పయిందన్న మాట ఆయన నోట రాలేదు. పొలం ఊసు ఎత్తితే గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

దొంగ విషయంలో అత్తయ్య మరచిపోయింది ఒకటుంది. మా నాయనమ్మ ఎప్పుడూ చెప్పే కథ. 1876 నుంచి 78 వరకు వచ్చిన కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ పని, గింజల పంపిణీ సాగినంతకాలం ఎంతమంది అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని. పనులు ఆగాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మా ముత్తాతలు ఆ నీళ్లలో దిగినవారేనని మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. సిలువ మీది దొంగకు ఆ నది కూడా లేదు. బాప్తిస్మం లేదు, కానుక లేదు, దోచుకున్నది తిరిగి ఇవ్వడానికి చేతులు మేకుల్లో ఉన్నాయి. వంశం పేరు చెప్పుకోవడానికి వీల్లేని మనిషికి ఇచ్చిన మాట అది. మా అత్తయ్యకు అది మింగుడుపడకపోవడం సహజం.

ఇంకో సంగతి ప్రసంగాల్లో చాలా అరుదుగా వింటాం. ఆ మాట విన్న తర్వాత కూడా దొంగ సిలువ దిగలేదు. యూదుల విశ్రాంతి దినం వచ్చేలోపు చావాలని ఆ సాయంత్రం సైనికులు వచ్చి అతని కాళ్లు విరగ్గొట్టారు. పరదైసు దక్కింది, కాళ్లు మాత్రం విరిగాయి. క్షమించేశాను కాబట్టి జరిగింది జరగనట్లే అని ఎవరైనా అంటే నాకు ఈ కాళ్లే గుర్తుకొస్తాయి. అమ్మ నాన్నను క్షమించింది. పొలం తిరిగి రాలేదు, అన్నయ్య వదిలేసిన డిగ్రీ కూడా రాలేదు.

నా అభ్యంతరం వేరే. దొంగ అడిగాడు. “నన్ను జ్ఞాపకము చేసికొనుము” అన్నాడు, మాకు జరుగుతున్నది న్యాయమే అని తోటివాడితో ఒప్పుకున్నాడు. నాన్న అడగలేదు, ఒప్పుకోలేదు. అడగనివాడికి ఆ జవాబు ఎలా రాయిస్తాం? కొట్టులో ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చుని ఇదంతా మాట్లాడుకుంటుంటే పెద్దాయన విసుక్కోకుండా టీ తెప్పించాడు. ఒక నక్షత్రం అందుకే.

అప్పుడు అమ్మ అదే అధ్యాయంలో కొంచెం పైకి వెళ్లింది. “ఇది ఎవరూ అడగకముందే అన్నాడు” అంది. అది: “తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము.” నిజమే, ఆ వచనంలో అడిగినవాళ్లెవరూ లేరు. ఆ మాట అంటుండగానే కింద సైనికులు బట్టలకు చీట్లు వేసుకుంటున్నారు.

నేను మధ్య భాగం తీసేసి ‘తండ్రీ, వీరిని క్షమించుము’ అని మాత్రమే రాయిద్దామన్నాను. అక్షరాల ఖర్చు సగానికి పైగా తగ్గుతుందని చెప్పాను గానీ అసలు కారణం ఖర్చు కాదు. ‘ఎరుగరు’ అన్న మాట నా గొంతు దిగదు. నాన్నకు తెలుసు. ఖాళీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నప్పుడు తెలుసు. అమ్మ నా వైపు చూసి అడిగింది: “మేకులు కొట్టినవాళ్లకు తాము మేకులు కొడుతున్నామని తెలియదా?”

దీనికి ఎదురు జవాబు నాకు తట్టలేదు. ఇప్పటికీ వెతుకుతున్నాను. వాక్యం మొత్తం రాయించాం.

జమాఖర్చుల మనిషిగా నాకు మత్తయి సువార్త 18వ అధ్యాయం మీద ఒక ఫిర్యాదు ఉండేది. ఫిర్యాదు అధ్యాయం మీద కంటే అది చెప్పే బోధకుల మీద. అందులో యేసు చెప్పిన కథలో ఒక రాజు తన దాసుడికి పదివేల తలాంతుల అప్పు మాఫీ చేస్తాడు. ఆ దాసుడు బయటికి వచ్చి నూరు దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకుంటాడు. ‘కోట్లు మాఫీ అయినవాడు చిల్లర కోసం కొట్లాడాడు’ అని నవ్విస్తారు. లెక్క వేసి చూడండి. తలాంతు సుమారు ఆరువేల దేనారాలు, అంటే మొదటి అప్పు ఆరు కోట్ల దేనారాలు. దేనారం ఒక కూలివాడి రోజు కూలి. ఏడాదికి మూడువందల రోజులు పనిచేసినా రెండు లక్షల ఏళ్లకు గానీ తీరదు. అది ఊహకు అందని అంకె, సరే. కానీ నూరు దేనారాలు చిల్లరా? నాలుగు నెలల కూలి! ఒక కుటుంబం నాలుగు నెలల తిండి. క్షమించమని మనల్ని అడుగుతున్నది అసలైన డబ్బును, అసలైన పొలాన్ని. అది చిన్నదని యేసు ఎక్కడా అనలేదు. పాఠకుల్లో ఎవరైనా బోధకులుంటే, దయచేసి ఆ నవ్వు ఆపండి. నూరు దేనారాలు పోగొట్టుకున్నవాళ్లు ముందు వరసలోనే కూర్చుని ఉంటారు.

మా ఆఫీసులో రాని బాకీని కొట్టేసినప్పుడు అది గాలిలో కలిసిపోదు. బాకీదారు ఖాతా సున్నా అవుతుంది, అదే మొత్తం మా నష్టాల పద్దులో కూర్చుంటుంది. ఎవరో ఒకరు భరించక తప్పదు. మన మీద ఉన్న ఋణపత్రాన్ని దేవుడు మేకులతో సిలువకు కొట్టాడని కొలస్సయులకు రాసిన పత్రికలో చదివినప్పుడల్లా నేను ఆ రెండో పద్దు గురించే ఆలోచిస్తాను. అమ్మ పుస్తకంలో ఆ పద్దు పేరు ఎకరం పొలం. ఆమె భరించింది, రాసుకోలేదు. నేను రాసుకున్నాను. రాయి ఖర్చు మాత్రం నేనే ఇచ్చాను, ఎందుకని మీరడిగితే ఇంకా తేల్చుకోలేదు.

ఇక కొట్టు తప్పుల దగ్గరికి వద్దాం. వాక్యాన్ని ఫోన్‌లో పంపితే వాళ్ల కంప్యూటర్‌లో అంతా డబ్బాలు డబ్బాలుగా వచ్చింది. పాత తెలుగు ఫాంటుతో కుర్రవాడు తిరిగి టైపు చేశాడు. ‘క్షమించుము’లో ఒత్తు విడిపోయి పక్క అక్షరం కింద చేరింది. కాగితం మీద అచ్చు వేసి చూపించమని పట్టుబట్టడం వల్ల దొరికింది. చూపించకుండానే మొదలుపెట్టబోయారు. చదవడం రానివాడికి అందులో తప్పేమీ కనిపించదు మరి. చివరకు అన్నయ్య పెద్ద అక్షరాలతో చేత్తో రాసిచ్చాడు. పెద్దాయన ఆ కాగితాన్ని రాతి మీద పరిచి, గీత గీతనూ దింపుకుని చెక్కాడు. అందుకే ఇప్పుడు ఆ రాయి మీద ఉన్నది మా అన్నయ్య చేతిరాత. నాన్న చదువు మాన్పించిన కొడుకు చేతిరాత. ఫాంటు కంటే బాగుంది.

ఒక నక్షత్రం తగ్గించింది ఆలస్యానికి. ఏడాది జ్ఞాపకార్థ కూడికకు సిద్ధం చేస్తామని మాట ఇచ్చి తప్పారు. నవంబరు 2 సమాధుల పండుగ ముందు ఆర్డర్లు ముంచెత్తాయన్నారు. కూడిక నాడు పాత చెక్క సిలువ దగ్గరే పాట పాడుకున్నాం. పాస్టరు గారు వాక్యం చెబుతుంటే అత్తయ్య గొణుగుడు ఆయన గొంతును మించింది. ఫోన్ చేస్తే ఎత్తరు, మనిషి స్వయంగా వెళితే తప్ప పని కదలదు. మీరు నవంబరుకు కావాలనుకుంటే ఆగస్టులోనే ఇవ్వండి. ఈస్టర్ ముందు కూడా ఇదే రద్దీ.

బిగింపు పని మాత్రం చక్కగా చేశారు. మా పెదనాన్న సమాధిలోనే నాన్నను పెట్టాం కాబట్టి పాత పలకను పగలకుండా ఎత్తి, కొత్తదాన్ని సిమెంటులో నిలబెట్టాలి. తెల్లవారుజామునే వచ్చి ఎండ ఎక్కేలోపు ముగించారు. కింద కొంత చోటు ఖాళీగా వదలమని అమ్మ అడిగింది, తన పేరుకు. అత్తయ్య మొదటిసారి ఏమీ అనలేదు. ఖాళీ చోటుకు డబ్బు తీసుకోరు. తర్వాత చెక్కాలంటే రాయి పీకకుండా అక్కడికే వచ్చి చెక్కుతారట, దానికి రానుపోను ఖర్చు వేరు.

అక్షరాలకు బంగారు రంగు వద్దని, తెల్ల రంగు చాలని మీకు నా సలహా. మేము బంగారు రంగే వేయించాం, అత్తయ్య కోసం. మొదటిసారి వెలిస్తే ఉచితంగా వేస్తామని రసీదు వెనక తమిళంలో రాసి సంతకం పెట్టాడు. ఖాళీ కాగితం కాదు, చూసే తీసుకున్నాను.